అక్కడి గవర్నరు వేరు, ఇక్కడి గవర్నరు వేరు

పంజాగుట్ట చౌరస్తాలో నిలబడితే మన రాష్ట్ర ప్రభుత్వం రెండు దిక్కులా కనిపిస్తుంది. సోమాజిగూడ మీదుగా వెళ్తే గవర్నరుగారి నివాసం. గ్రీన్‌లాండ్స్ వైపు తిరిగితే ఒకప్పటి ముఖ్యమంత్రి క్యాంపు ఆఫీసు. 2016లో కట్టినప్పుడు దానికి ప్రగతి భవన్ అని పేరు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే అది ప్రజా భవన్ అయింది, ముందున్న ఇనుప కంచెలు పోయాయి, లోపల ఉప ముఖ్యమంత్రికి నివాసం కేటాయించారు. గవర్నర్ల నివాసాలకు కూడా రాజ్‌భవన్ బదులు లోక్‌భవన్ అని పేరు పెట్టుకోమని 2025 చివర్లో కేంద్రం చెప్పింది. ఆటోవాళ్లకు మాత్రం అది ఇవాళ్టికీ రాజ్‌భవన్ రోడ్డే. పేర్లు మార్చడం సులభం, ఆటోవాళ్లను మార్చడం కష్టం.

ఈ చౌరస్తాకు కూతవేటు దూరంలో, ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఆదివారం పొద్దున జరిగే సంభాషణ ఒకటి వినండి. ఇలాంటిది ఈ ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా వినిపిస్తుంది కాబట్టి ఎవరి ఇల్లని అడగక్కర్లేదు. కొడుకూ కోడలూ అమెరికాలో ఉంటారు. కొడుకు అమీర్‌పేట మైత్రీవనం పక్క సందులో ఒరాకిల్ నేర్చుకుని వెళ్లినవాడే. వీడియోలో మనవడు కనిపించాక, చలి ఎంతుందో, కందిపప్పు దొరుకుతోందో లేదో తేలాక, పెద్దాయన రాజకీయాల్లోకి దిగుతారు.

“అమ్మా, మీ మేరీలాండ్‌కి మన తెలుగావిడే గవర్నరటగా?”

“గవర్నరు కాదు మామయ్యగారూ, లెఫ్టినెంట్ గవర్నరు.”

“అంటే పుదుచ్చేరిలో ఉంటారే, అలాగా? ఢిల్లీ నుంచి వేస్తారా?”

“కాదండీ. ఓట్లేసి గెలిపించుకున్నారు.”

పెద్దాయన అక్కడ కాస్త తడబడతారు. తడబడడంలో ఆయన తప్పేం లేదు. మన దగ్గర ఎన్నికైనవారిని గవర్నరు అనం, గవర్నరు అన్నవారిని ఎన్నుకోం. మన గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. పాలన ముఖ్యమంత్రిది, సంతకం గవర్నరుది. అమెరికాలోని ఏ రాష్ట్రంలోనూ ఈ రెండు భవనాల బాధ లేదు. అక్కడ గవర్నరే ముఖ్యమంత్రి. జనం నేరుగా ఓటేసి గెలిపిస్తారు. పంజాగుట్ట లెక్కలో చెప్పాలంటే రాజ్‌భవన్ రోడ్డునూ గ్రీన్‌లాండ్స్ రోడ్డునూ కలిపి ఒకే గుమ్మంలో పెట్టేశారన్నమాట. వాషింగ్టన్‌లో అధ్యక్షుడు ఏ పార్టీవాడైనా సరే, గవర్నరును దింపే అధికారం ఆయనకు లేదు.

పెద్దాయన అడిగిన ఆవిడ అరుణా మిల్లర్. మిల్లర్ అన్నది పెళ్లితో వచ్చిన పేరు, పుట్టింటివారు కాట్రగడ్డవారు. 1964 నవంబరు 6న హైదరాబాదులో పుట్టారు. తండ్రి మెకానికల్ ఇంజినీరు, ముందుగా అమెరికా వెళ్లి ఐబీఎంలో చేరారు. చిన్నపిల్ల కొన్నాళ్లు ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరిగి, ఏడేళ్ల వయసులో న్యూయార్క్‌లో దిగింది. ఆరోజు మంచు పడుతోంది. హైదరాబాదు పిల్లకు మంచేం తెలుసు? తను వచ్చిన సందర్భానికి పైనుంచి రంగు కాగితాల ముక్కలు చల్లుతున్నారనుకుందట. ఈ ముచ్చట ఆవిడే చాలాసార్లు సభల్లో చెప్పారు.

ఆ తర్వాతిదంతా మన ఇళ్లల్లో బాగా తెలిసిన దారే. సివిల్ ఇంజినీరింగ్ చదివారు, 1990లో మేరీలాండ్ చేరారు, మాంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో పనిచేశారు. రోడ్ల మీద జనం ఎక్కడ దాటాలి, సిగ్నల్ ఎక్కడ పెట్టాలి, బస్సు ఎక్కడ ఆగాలి, ఇదీ పని. అమీర్‌పేట సెంటర్లో సాయంత్రం ఆరింటికి రోడ్డు దాటినవాళ్లకు ఆ ఉద్యోగం విలువ వేరే చెప్పక్కర్లేదు. 2000లో ఆవిడకు పౌరసత్వం వచ్చింది. అంటే ఏడేళ్ల పిల్లగా దిగిన మనిషికి ఓటు చేతికొచ్చేసరికి ముప్పై అయిదేళ్లు నిండాయి. ఓటు వచ్చిన పదేళ్లకు, 2010లో, ఆవిడే అభ్యర్థిగా నిలబడి రాష్ట్ర ప్రతినిధుల సభకు గెలిచారు.

ఇక్కడ మేరీలాండ్ గురించి కొంచెం చెప్పాలి. చిన్న రాష్ట్రం. విస్తీర్ణంలో అమెరికా యాభై రాష్ట్రాల్లో నలభై రెండోది. నీళ్లతో సహా లెక్కేసినా తెలంగాణలో మూడో వంతు రాదు. 2020 జనాభా లెక్కల ప్రకారం అరవై రెండు లక్షల మంది లోపే. రాజధాని వాషింగ్టనూ కాదు, బాల్టిమోరూ కాదు, సముద్రపు పాయ ఒడ్డున అన్నాపోలిస్ అనే చిన్న ఊరు. అక్కడి శాసనసభ భవనం అమెరికాలో ఇంకా వాడుకలో ఉన్నవాటిలో అతి పాతది. 1783 డిసెంబరు 23న జార్జి వాషింగ్టన్ సేనాధిపతి పదవికి రాజీనామా ఇచ్చింది ఆ భవనంలోనే. యుద్ధం గెలిచిన సేనాపతి ఆయుధం అప్పజెప్పి ఇంటికి వెళ్లిపోయిన చోటు కాబట్టి వాళ్లకది గొప్ప.

ఆ భవనంలో 47 మంది సెనేటర్లు, 141 మంది ప్రతినిధులు కూర్చుంటారు. తెలంగాణ శాసనసభలో 119 మంది. ఇప్పుడు లెక్క వేయండి. 2011 జనాభాతో చూసుకున్నా మన దగ్గర ఒక ఎమ్మెల్యేకు సుమారు మూడు లక్షల మంది. మేరీలాండ్‌లో ఒక ప్రతినిధికి నలభై నాలుగు వేల మంది. ఇంకా చిన్నదైన న్యూహాంప్‌షైర్ రాష్ట్రం సంగతి వింటే నవ్వొస్తుంది. పద్నాలుగు లక్షల మంది కూడా లేని ఆ రాష్ట్రంలో దిగువ సభకు నాలుగు వందల మంది సభ్యులు. ఒక్కొక్కరికి ఏడాదికి జీతం వంద డాలర్లు. పొరపాటు కాదు, నెలకు కాదు, ఏడాదికే. అక్కడ ఎమ్మెల్యే కావడమంటే మన అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీ కావడంలాంటిది. పరపతి తక్కువ, తలనొప్పి ఎక్కువ, లిఫ్టు ఆగితే అందరూ మనకే ఫోను.

మేరీలాండ్ సభ ఏడాదికి తొంభై రోజులే కూర్చుంటుంది. జనవరి రెండో బుధవారం మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. మిగతా రోజుల్లో సభ్యులు ఎవరి పని వారు చేసుకోవచ్చు. ఇంజినీర్లు, టీచర్లు, లాయర్లు అలాగే సభకు వెళ్తుంటారు. అమెరికాలో ఒక రాష్ట్ర చట్టసభకు మొట్టమొదట గెలిచిన భారత సంతతి వ్యక్తి, కుమార్ బార్వే, 1990లో గెలిచింది ఈ మేరీలాండ్ సభకే. మరో చిన్న రాష్ట్రమైన న్యూజెర్సీలో, మన నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల 2001లో అసెంబ్లీకి గెలిచారు. ఆయనా ఇంజినీరే. ముందు ఒక టౌన్‌షిప్ కౌన్సిల్లో చేరి, దానికి మేయరై, ఆ తర్వాత అసెంబ్లీకి వెళ్లి, డిప్యూటీ స్పీకరు దాకా వచ్చారు. పెద్ద రాష్ట్రాల్లో ఇలా మెట్టు మెట్టుగా ఎక్కడం కష్టం. పెద్ద నియోజకవర్గంలో టీవీ ప్రకటనలు కొనాలి, చిన్న నియోజకవర్గంలో గుమ్మం గుమ్మానికీ తిరిగితే సరిపోతుంది.

తిరిగినా ఒక్కోసారి సరిపోదు. 2018లో అరుణా మిల్లర్ అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేయాలని డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీలో నిలబడ్డారు. ఎదుట డేవిడ్ ట్రోన్ అనే మద్యం దుకాణాల వ్యాపారి. ఆయన కోటి డాలర్లకు పైగా సొంత సొమ్ము దించారు. ఆవిడ ఓడిపోయారు. మన దగ్గర ఇలాంటి కథ చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు, కాకపోతే ఇక్కడ ఆ లెక్క చెక్కుల్లో కనిపించదు, అక్కడ ఎవరు ఎంత పెట్టారో డాలరుతో సహా ప్రభుత్వానికి చెప్పాలి. ఓడిన నాలుగేళ్లకు, 2022లో, వెస్ మూర్ గవర్నరు అభ్యర్థిగా నిలబడుతూ ఆవిడను జోడీగా ఎంచుకున్నారు. మేరీలాండ్‌లో ఇద్దరికీ కలిపి ఒకటే ఓటు. ఇద్దరూ గెలిచి 2023 జనవరి 18న ప్రమాణం చేశారు. ఆవిడ భగవద్గీత మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసిన ఫొటో మన పత్రికలన్నిట్లోనూ వచ్చింది.

ఫొటో అందరూ చూశారు. ఆ తర్వాత ఆవిడ పని ఏమిటని అడిగినవారు తక్కువ. నిజానికి మేరీలాండ్ రాజ్యాంగం ఈ పదవికి సొంతంగా ఏ పనీ ఇవ్వలేదు. గవర్నరు ఏం అప్పజెబితే అదే పని. 1864లో ఈ పదవిని పెట్టి, 1867లో అక్కర్లేదని తీసేసి, మళ్లీ 1970లో తెచ్చుకున్నారు. ఎందుకు తెచ్చుకున్నారంటే, అంతకు ముందు ఏడాది గవర్నరు స్పైరో ఆగ్న్యూ దేశానికి ఉపాధ్యక్షుడై వెళ్లిపోయారు. ఖాళీ అయిన కుర్చీలో ఎవరు కూర్చోవాలో శాసనసభ తేల్చాల్సి వచ్చింది. అలాంటి పరిస్థితి మళ్లీ రాకూడదని ముందే ఒక మనిషిని సిద్ధంగా పెట్టుకున్నారు. గవర్నరు లేకపోతే ఆ మనిషే గవర్నరు.

మన ఉప ముఖ్యమంత్రి పదవితో పోలిస్తే తేడా అక్కడే ఉంది. మన రాజ్యాంగంలో ఉప ముఖ్యమంత్రి అన్న మాటే లేదు. ఆయనా మంత్రే, గౌరవం కొద్దీ ఆ పిలుపు. ముఖ్యమంత్రి కుర్చీ ఖాళీ అయితే అది ఉప ముఖ్యమంత్రికి వస్తుందన్న హామీ ఏమీ లేదు. పార్టీలో లెక్కలు మళ్లీ మొదటినుంచీ వేసుకోవాలి. ప్రజా భవన్‌లో ఉన్నంతమాత్రాన పై కుర్చీ దగ్గరైనట్టు కాదు.

ఇంకో విచిత్రం. మేరీలాండ్‌కు ఆనుకుని, పోటోమాక్ నదికి ఆవలి ఒడ్డున వర్జీనియా. 2025 నవంబరు 4న అక్కడ లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచిన గజాలా హష్మీ కూడా హైదరాబాదులోనే పుట్టారు, అదీ 1964లోనే. నాలుగేళ్ల వయసులో అమెరికా వెళ్లి, కాలేజీ అధ్యాపకురాలై, తర్వాత రాష్ట్ర సెనేటరు అయ్యారు. ఒకే ఏడాది ఒకే ఊళ్లో పుట్టి, ఒకరింట్లో తెలుగు, ఒకరింట్లో ఉర్దూ విని పెరిగిన ఇద్దరు ఆడపిల్లలు ఒక నదికి చెరోవైపున ఒకే పదవికి గెలిచారు. పదవి పేరు ఒకటే గాని పని వేరు. వర్జీనియాలో లెఫ్టినెంట్ గవర్నరు సెనేటుకు అధ్యక్షత వహిస్తారు, ఓట్లు సమానంగా చీలితే తేల్చే ఓటు వేస్తారు. ఆ పదవికి ఓటు కూడా విడిగానే వేయాలి.

చిన్న రాష్ట్రం సత్తా ఎలాంటిదో 2024లో తెలిసింది. మార్చి 26 అర్ధరాత్రి దాటాక బాల్టిమోర్ రేవు నుంచి బయల్దేరిన డాలీ అనే భారీ నౌక కరెంటు పోయి, అదుపు తప్పి, ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని ఢీకొట్టింది. వంతెన మొత్తం నీళ్లలో పడింది. నౌక సిబ్బందిలో దాదాపు అందరూ భారతీయులే. వాళ్లు ఆపద సంకేతం పంపగానే పోలీసులు వంతెన మీదికి కార్లు రాకుండా ఆపారు, లేకపోతే ఎంతమంది పోయేవారో. పైన రోడ్డు గుంతలు పూడుస్తున్న కూలీల్లో ఆరుగురు చనిపోయారు. పొట్ట చేత పట్టుకుని మెక్సికో, మధ్య అమెరికా దేశాల నుంచి వలస వచ్చినవాళ్లు వాళ్లు.

పంజాగుట్టవాళ్లకు ఆ వార్త చదువుతుంటే ఒక పాత తేదీ గుర్తొచ్చి ఉండాలి. 2007 సెప్టెంబరు 9. కడుతున్న ఫ్లైఓవర్ ఒక భాగం కింద వెళ్తున్న బళ్ల మీద కూలింది, ప్రాణాలు పోయాయి. ఇప్పుడు ఆ ఫ్లైఓవర్ మీదుగా రోజూ వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో.

బాల్టిమోర్‌లో వంతెన శిథిలాలు కాలువకు అడ్డం పడి రేవు ఆగిపోయింది. రేవు ఆగితే వేలమందికి కూలి ఆగుతుంది. శాసనసభ తొంభై రోజుల గడువు ఏప్రిల్ 8తో ముగియాలి. అంటే చేతిలో ఉన్నది రెండు వారాలు. ఆ రెండు వారాల్లోనే బిల్లు రాసి, రెండు సభల్లోనూ చర్చించి, చివరి రోజుకు నెగ్గించారు. ఏప్రిల్ 9న గవర్నరు సంతకం పెట్టారు. రాష్ట్రం ఆపత్కాలానికని దాచుకున్న నిధి నుంచి పనిపోయిన రేవు కార్మికులకూ, చిన్న వ్యాపారులకూ డబ్బు ఇవ్వడానికి ఆ చట్టం దారి తీసింది. జూన్ 10కల్లా నౌకామార్గం పూర్తిగా తెరుచుకుంది. వంతెన మళ్లీ కట్టే ఖర్చు మాత్రం కేంద్రానిదే. అంత డబ్బు చిన్న రాష్ట్రం దగ్గర ఎక్కడుంటుంది?

సరే, మన పెద్దాయన అసలు ప్రశ్న ఇంకా ఉంది. ఆయన అడుగుతారు:

“మనావిడ అంత పెద్ద పదవిలో ఉందిగా, మీ గ్రీన్‌కార్డు సంగతి ఎవరైనా కదపకూడదూ?”

అమీర్‌పేట సందుల్లో ఇరవై అయిదేళ్లుగా తిరిగే అపోహ ఇదే. వీసా, హెచ్-1బీ, గ్రీన్‌కార్డు, ఇవన్నీ కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంటాయి. గవర్నరు గాని, లెఫ్టినెంట్ గవర్నరు గాని ఆ వరసలో ఒక్క మనిషిని కూడా ముందుకు జరపలేరు. ఒక దేశంవారికి ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏడాదికి ఏడు శాతానికి మించకూడదన్న పరిమితి వల్ల మనవాళ్ల వరస ఏళ్ల తరబడి సాగుతోంది. అది మార్చాలంటే వాషింగ్టన్‌లో కాంగ్రెస్ మార్చాలి.

మరి రాష్ట్రం చేతిలో ఏముంది? కోడలు పిల్ల రోజూ తిట్టుకునేవీ మెచ్చుకునేవీ దాదాపు అన్నీ. మనవడి బడి, బడి బస్సు, ఇంటి పన్ను, డ్రైవింగ్ లైసెన్సు, కాలేజీలో రాష్ట్రంవాళ్లకు తగ్గించే ఫీజు, ఇంటి ముందు మంచు తీసే బండి. వీటిలో కొన్ని రాష్ట్రానివి, కొన్ని కౌంటీవి. మాంట్‌గోమరీ కౌంటీలో స్కూల్ బోర్డు సభ్యులకు కూడా ఎన్నికలుంటాయి. అక్కడి తెలుగువాళ్లు తానా, ఆటా సంఘాల ఎన్నికల్లో చూపే పట్టుదలలో సగం ఈ స్కూల్ బోర్డు మీద పెడితే ఎంత బాగుండునో అనిపిస్తుంది. సంఘం ఎన్నికల్లో ఎవరు ఏ ఊరివారో, ఎవరు ఎవరివైపో అమెరికా మొత్తం తెలుసుకుంటారు. పిల్లవాడి బడికి బడ్జెట్ ఎవరు కోశారంటే తెల్లమొహం వేస్తారు. అందరూ అని కాదు. ఎక్కువమంది.

దానికి ఒక కారణం కూడా ఉంది, అది కొట్టిపారేసేది కాదు. వాళ్లలో చాలామందికి ఓటు లేదు. జీతంలోంచి కేంద్రానికి పన్ను, రాష్ట్రానికి పన్ను, కౌంటీకి పన్ను పోతుంది. ఇల్లు కొంటే దాని మీదా పన్ను. పదేళ్లు, పదిహేనేళ్లు కట్టినా పౌరసత్వం రానిదే గవర్నరుకు ఓటేయలేరు. ఒక చిన్న మినహాయింపు మేరీలాండ్‌లో ఉంది. మాంట్‌గోమరీ కౌంటీలోని టకోమా పార్క్ అనే చిన్న పట్టణం 1992 నుంచీ పౌరులు కానివారికి కూడా తమ ఊరి ఎన్నికల్లో ఓటు ఇచ్చింది. 2013లో పదహారేళ్ల పిల్లలకూ ఇచ్చింది. హెచ్-1బీ మీద ఉన్న మనిషి ఆ ఊళ్లో ఉంటే ఊరి మేయరుకు ఓటేయవచ్చు, గవర్నరుకు వేయలేడు.

ఇటు చూస్తే ఓటు ఉన్నవాళ్ల సంగతి వేరే. 2020 డిసెంబరు 1న జీహెచ్ఎంసీ ఎన్నికలు జరిగాయి. అమీర్‌పేట, సోమాజిగూడలతో సహా 150 డివిజన్లు. హైదరాబాదు మొత్తం మీద సగం మంది కూడా పోలింగ్ కేంద్రాలకు వెళ్లలేదు. ఆ రోజు సెలవు కూడా ఇచ్చారు. డ్రైనేజీ మూత, వీధి దీపం, చెత్త బండి, ఇవన్నీ కార్పొరేటరు గుమ్మం దగ్గర మొదలయ్యే పనులే. అమీర్‌పేట ఉన్న సనత్‌నగర్ నియోజకవర్గం 1989లో మర్రి చెన్నారెడ్డిని గెలిపించి ముఖ్యమంత్రి కుర్చీకి పంపింది. అలాంటి చోట ఇప్పుడు తమ డివిజను పేరు అడిగితే “నెట్‌లో చూసి చెబుతా” అనే కుర్రాళ్లు ఎక్కువ. అద్దె హాస్టళ్లలో ఆర్నెల్లుండి పోయేవాళ్ల మాట వదిలేయండి, సొంత ఫ్లాట్లున్నవాళ్ల సంగతీ అంతే.

కోడలు అడిగింది కూడా అదే.

“మామయ్యగారూ, 2020లో మీరు ఓటేశారా?”

“కరోనా కదమ్మా... బయటికి వెళ్లొద్దని మీ ఆయనే ఫోన్ చేశాడు.”

“ఎవరు గెలిచారో తెలుసా మీ డివిజన్‌లో?”

పెద్దాయన వంటింటివైపు చూశారు. అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పేరు చెప్పారు, పార్టీ కూడా చెప్పారు. నల్లా నీళ్లు రాని మూడు రోజులూ ఆ ఇంటికి వెళ్లి అడిగింది ఆవిడే.

“మరి నీకెప్పుడొస్తుందే ఓటు?” అని అత్తగారు ఫోనులోకి వంగి అడిగారు.

“తెలీదు అత్తయ్యా. వరసలో ఉన్నాం. వీడు అక్కడ పుట్టినవాడు కదా, ముందు వీడికే వచ్చేలా ఉంది.”

మనవడికి ఆరేళ్లు. కెమెరాకు దగ్గరగా వచ్చి, ఊడిన పన్ను చూపించి, నానమ్మా, నీకేం కావాలి అని అడిగాడు.